హొకియాంగా హార్బర్: నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి మేం చూడకుండా వచ్చేసింది ఏమిటి?

స్వాతి_ఆక్లాండ్
పోయిన లాంగ్ వీకెండ్ ఆక్లాండ్ నుంచి న్యూజిలాండ్ ఉత్తరాన ఉన్న హొకియాంగా హార్బర్ వెళ్లొచ్చాం. డార్గవిల్ మీదుగా వెళ్లి, వైపోవా అడవి దాటి, ఒమాపెరె అనే చిన్న ఊరు దగ్గర హార్బర్ దక్షిణపు కొన మీదికి ఎక్కాం. అవతలి ఒడ్డున బంగారు రంగులో కొండంత ఇసుక దిబ్బలు, మధ్యలో నీళ్లు, ఎడమ వైపు టాస్మన్ సముద్రం. ఫోటోలు దిగాం. అరగంటలో అయిపోయింది. తిరుగు ప్రయాణంలో మా ఆయన "దీనికోసం నాలుగు గంటలా" అని మొదలుపెట్టారు, ఇల్లు చేరేదాకా అదే మాట.

నన్ను మాత్రం ఒక సంగతి పట్టుకుని వదలడం లేదు. అక్కడ కుక్కను తిప్పుతున్న ఒక మావోరి పెద్దావిడ, మా బాబు అంచు దాకా వెళ్తుంటే ఆపి, "ఈ కొన ఆవిడది, ఆ కొన ఆయనది. ఇద్దరూ చూస్తూ ఉంటారు, మెల్లగా నడువు నాన్నా" అన్నట్టు చెప్పింది. ఎవరావిడ, ఎవరాయన అని అడుగుదామనుకునేలోపు గాలి హోరు, వీడి ఏడుపు. ఆవిడ వెళ్లిపోయింది.

ఇంకో సందేహం. హొకియాంగా అంటే 'కూపే తిరుగు ప్రయాణం' అని ఒకచోట చదివా. కూపే అంటే మావోరి సంప్రదాయంలో ఈ దేశాన్ని మొదట కనుగొన్న నావికుడట. కూపే మళ్లీ రానేలేదని ఇంకోచోట ఉంది. రెండూ ఎలా నిజం? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

శ్రీను_హామిల్టన్
స్వాతి గారూ, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. మేమూ వెళ్లాం. ఒక జెట్టీ, రెండు కేఫ్‌లు, ఇసుక. అంత దూరం పోయే బదులు రాగ్లన్ వెళ్తే సరిపోయేది. పిల్లలకి అక్కడ ఆడుకోవడానికి ఏం ఉంది?

రేవుగట్టు_నర్సు
శ్రీనూ, మీరు ఎక్కడ ఆగారో చెప్పండి ముందు. ఒమాపెరెలో ఆగి వెనక్కి తిరిగితే గుమ్మం చూసి ఇల్లు చూశామనుకున్నట్టే. ఆ నీళ్లు లోపలికి దాదాపు 30 కిలోమీటర్లు వెళ్తాయి.

స్వాతీ, ఆ పెద్దావిడ చెప్పింది తనిఫాల గురించి. దక్షిణపు కొన ఆరైతెఉరు, ఆమె. ఉత్తరపు కొన, అంటే ఇసుక దిబ్బల వైపు, నీయువా, ఆయన. హార్బర్ వాకిలికి ఇద్దరూ కాపలా. శత్రువుల పడవలు వస్తే నీళ్లను చెలరేగేలా కొట్టి ముంచేస్తారని చెబుతారు. మీరు నిలబడిన కొనకు పేరే ఆరైతెఉరు. ఆవిడ మీ బాబుని భయపెట్టలేదు, ఆ ఇంటి పెద్దల్ని పరిచయం చేసింది.

నేను ఆ హార్బర్ పక్కనే రెండేళ్లు పనిచేశాను. పేషెంట్లు రోజూ అవతలి ఒడ్డు నుంచి ఫెర్రీలో వచ్చేవాళ్లు. వాళ్ల నోట విన్నవే ఇవి.

కాకినాడ_కుర్రాడు
తనిఫా అంటే మొసలి లాంటిదా అక్కా?

రేవుగట్టు_నర్సు
ఒక రూపం అని చెప్పలేం తమ్ముడూ. ఒకచోట తిమింగలంలా, ఒకచోట బల్లిలా, ఒకచోట కొట్టుకొచ్చే దుంగలా. కొన్ని హాని చేస్తాయి, కొన్ని కాపాడతాయి. మన ఊళ్లలో పొలిమేర కాచే తల్లి ఉంటుంది కదా, అలా అనుకుంటే దగ్గరగా ఉంటుంది. అచ్చం అదే అని మాత్రం అనను.

భూగోళం_మాస్టారు
నేను రాజమండ్రిలో 31 ఏళ్లు హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర ఆక్లాండ్‌లో ఉన్నాను. పోయిన నెల నేనూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

మ్యాప్ తీసి ఆ హార్బర్ ఆకారం చూడండి. నిండా పాయలు, పాయకు మళ్లీ పాయలు, చెట్టు కొమ్మల్లా. అది మునిగిపోయిన నదీలోయ. మంచుయుగంలో సముద్రం చాలా కిందికి ఉండేది. అప్పట్లో అక్కడ నదులు లోయలు కోసుకుంటూ పోయాయి. మంచు కరిగాక సముద్ర మట్టం పెరిగి నీళ్లు ఆ లోయల్లోకి ఎక్కాయి. ఇప్పుడున్న మట్టానికి వచ్చి దాదాపు 7,000 ఏళ్లు. అందుకే అది గిన్నెలా గుండ్రంగా లేదు. మన గోదావరి ఇసుక, ఒండ్రు తెచ్చి సముద్రంలోకి డెల్టా వేసింది. ఇక్కడ సముద్రమే నదిలోకి వచ్చి కూర్చుంది.

వాకిలి దగ్గర ఇసుక మేట ఉంది, దాన్ని బార్ అంటారు. పడమటి నుంచి పెద్ద అలలు, లోపలి నుంచి పాటు నీళ్లు ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఓడలు ఎన్నో అక్కడ దెబ్బతిన్నాయి. దక్షిణపు కొన మీద జెండాలతో సైగలు చేసే స్టేషన్ పెట్టింది అందుకే. స్వాతి గారు నిలబడింది దాదాపు అక్కడే. తనిఫాలు నీళ్లను కొడతాయి అన్నారు చూశారా నర్సమ్మ గారు, ఎక్కడ కొడతాయో చూడండి. సరిగ్గా ఆ మేట ఉన్నచోటే.

స్వాతి_ఆక్లాండ్
మాస్టారూ, ఒళ్లు జలదరించింది. నేను ఫోటోలు మళ్లీ తీసి చూశా. వాకిలికి అడ్డంగా తెల్లటి నురగ గీత ఉంది. అలలే కదా అనుకున్నా అప్పుడు.

రేవుగట్టు_నర్సు
మాస్టారూ, మీ కొమ్మల పాయలకు కూడా కథ ఉంది. ఆరైతెఉరుకి 11 మంది కొడుకులు, అందరూ తనిఫాలే. ఇక్కడికి వచ్చాక ఒక్కొక్కడు ఒక్కో దిక్కుకి నేలను తవ్వుకుంటూ చూడ్డానికి వెళ్లాడట. వాళ్లు తవ్విన దారులే ఈ పాయలు. ఒకడు మరీ దూరం పోయి ఒమాపెరె సరస్సు చేశాడని చెబుతారు.

శ్రీను_హామిల్టన్
ఒమాపెరె ఊరే కదా సముద్రం పక్కన? అక్కడ సరస్సు ఎక్కడుంది? మేం చూడలేదు.

రేవుగట్టు_నర్సు
ఊరు వేరు, సరస్సు వేరు. పేరొకటే. సరస్సు బాగా లోపలికి, కైకొహె వైపు. జీపీఎస్‌లో పేరు కొట్టి అటు పోయినవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు.

అక్షరమాల
పేరు గురించి నేను చెబుతా. ముందు పలకడం. మనం 'హొకియాంగా' అని 'గా' గట్టిగా అంటున్నాం. మావోరిలో అక్కడ గ లేదు. అది ముక్కుతో పలికే ఒకే హల్లు. మన అక్షరమాలలో కవర్గం చివర ఙ ఉంది కదా, 'వాఙ్మయం'లో తప్ప దానికి మనం పనే ఇవ్వం. మావోరిలో అది రోజూ వాడే అక్షరం, పదం మొదట్లోనూ వస్తుంది. కాబట్టి హొకియఙ. అక్కడి పెద్ద తెగ పేరు ఙాపుహి. మనకు అక్షరం రెడీగా ఉంది, వాడుకుందాం.

ఇక అర్థం. హొకి అంటే తిరిగి వెళ్లడం, తిరిగి రావడం, రెండూ. దానికి 'అఙ' చేరిస్తే ఆ పని పేరు అవుతుంది, మనం వెళ్లు నుంచి వెళ్లడం చేసినట్టు. పూర్తి పేరు తె హొకియఙ నుయి ఆ కూపే. కూపే చేసిన గొప్ప తిరుగు ప్రయాణం. స్వాతి గారు రెండూ ఎలా నిజం అన్నారు. ఆయన తిరిగి వచ్చిన చోటు కాదది, తిరిగి వెళ్లిన చోటు. తన పుట్టినచోటు హవైకికి పడవ ఎక్కింది అక్కడి నుంచే. వెళ్తూ, ఇక ఇటు మళ్లీ రాను అని వీడ్కోలు చెప్పాడని సంప్రదాయం.

పద్మ_వెల్లింగ్టన్
ఆయన రాకపోయినా పడవ వచ్చింది కదా! కూపే పడవ మాతాఫావోరువా. తర్వాత ఆయన మనవడు నుకుతాఫితి అదే పడవను మళ్లీ చెక్కి, పెద్దది చేసి ఇక్కడికి వచ్చాడు. అప్పుడు దాని పేరు ఙాతోకిమాతాఫావోరువా అయింది. తోకి అంటే బాడిస. బాడిసలు పడ్డాక పేరులోకే బాడిసలు వచ్చేశాయి. బ్రిటిష్ వాళ్లకీ మావోరి పెద్దలకీ మధ్య వైతఙిలో కుదిరిన ఒప్పందానికి నూరేళ్ల సందర్భంగా 1940లో దించిన పెద్ద యుద్ధ పడవకీ ఆ పేరే పెట్టారు. 35 మీటర్ల పైన పొడవు, వైతఙి వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు.

అక్షరమాల
పద్మ గారూ, బాడిస అనే మాట విని ఎన్నాళ్లయిందో. మా తాత వడ్రంగి. ఆ పనిముట్టు చేతిలో పెట్టుకుని చెక్కపొట్టు మీద కూర్చునేవాణ్ణి. ఆ పడవ పేరు ఇక మర్చిపోను.

కాకినాడ_కుర్రాడు
మ్యాప్ చూస్తే హార్బర్ ఒడ్డునున్న రావెనె ఊరి దగ్గర ఆకుపచ్చగా ఒడ్డంతా ఉంది. మడ అడవా?

రేవుగట్టు_నర్సు
మడే. రావెనెలో వాటి మధ్యలోంచి చెక్క బాట వేశారు. పాటు వేళ వెళ్లాలి. నీళ్లు దిగిపోయి బురద మెరుస్తూ ఉంటుంది, బురదలోంచి వేళ్లు పెన్సిళ్లలా వేల కొద్దీ పైకి పొడుచుకుని ఉంటాయి. చెవి పెట్టి వింటే బురద చిటపటలాడుతుంది, పీతలు బొరియల్లోకి పోతుంటే. మొదటి వారం ఆ వాసన నాకు పడలేదు. రెండేళ్లయ్యాక ఆక్లాండ్ వచ్చి ఆ వాసన లేదని వెలితిగా అనిపించింది.

కాకినాడ_కుర్రాడు
అక్కా మీరు మా కోరింగ గురించే రాసినట్టుంది. అవే వేళ్లు, అదే చప్పుడు.

భూగోళం_మాస్టారు
బంధుత్వం ఉంది బాబూ. న్యూజిలాండ్ మొత్తానికి మడ చెట్టు ఒకే ఒక్క జాతి. అవిసీనియా మరీనా. అదే జాతి కోరింగలోనూ ఉంది.

ఇంకో మాట. ఆ బురద అంతా మొదటి నుంచీ అంత లేదు. చుట్టూ కొండల మీద కౌరి అనే మహావృక్షాల అడవులు ఉండేవి. 19వ శతాబ్దంలో ఓడల కొయ్యలకీ, ఇళ్లకీ నరికి ఈ హార్బర్ మీదుగానే పంపేశారు. హొరెకెలో 1820లలోనే ఓడలు కట్టారు. కొహుకొహు కలప మిల్లుల ఊరు. చెట్టు పోతే వానకి కొండ మీది మట్టి ఆగదు, పాయల్లో మేట వేసింది. వైపోవాలో మిగిలిన తానె మహుత అనే కౌరి చెట్టుని చూశారు కదా, 51 మీటర్ల ఎత్తు, మొదలు చుట్టుకొలత దాదాపు 14 మీటర్లు. అలాంటివి ఎన్ని ఆ నీళ్ల మీద తేలుతూ పోయి ఉంటాయో!

స్వాతి_ఆక్లాండ్
అక్కడ చెప్పులు బ్రష్‌తో తోమించి, మందు నీళ్లలో తొక్కించారు. మా ఆయన విసుక్కున్నారు.

పద్మ_వెల్లింగ్టన్
కౌరి చెట్లకు వేళ్ల నుంచి చంపే తెగులు ఒకటి ఉంది స్వాతీ. బూట్లకి అంటిన మట్టితో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. ఆ బ్రష్ దగ్గర దయచేసి ఎవరూ తొందరపడకండి.

చరిత్ర_పిచ్చి
ఇంత మాట్లాడుకుని మాఙుఙు గురించి ఒక్కరూ ఎత్తలేదు. అదే నాకు అసలైన చోటు.

వైతఙి ఒప్పందం అంటే అందరికీ 1840 ఫిబ్రవరి 6 తెలుసు. కానీ ఎక్కువ సంతకాలు పడింది ఫిబ్రవరి 12న ఈ హార్బర్ లోపలి చివర, హొరెకె దగ్గర మాఙుఙు మిషన్ ఇంట్లో. దాదాపు 70 మంది రంగతిరలు, అంటే తెగ పెద్దలు. చూడ్డానికి వేల మంది పడవల్లో వచ్చారు. సంతకాలు పెట్టిన బల్ల ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. మామూలు చెక్క బల్ల. ఆ ఇంటిని 1855లో విప్పి ఆక్లాండ్‌లోని ఒనెహుఙాకు తీసుకుపోయారు, 1970లలో మళ్లీ తెచ్చి అదే గట్టు మీద నిలబెట్టారు.

ఆ రోజు మొహి తావాయ్ అనే పెద్ద ఒక మాట అన్నారు. మా మాటలు రాయిలా అడుగుకి మునిగిపోతాయి, మీ మాటలు ఫావు చెట్టు చెక్కలా తేలుతూ ఎప్పటికీ కనబడతాయి, అని. ఫావు అంటే మన జీలుగు బెండులాంటి తేలిక చెక్క, వలలకి కట్టేవారు. వాళ్లది నోటి మాట, వీళ్లది కాగితం. సంతకం పెట్టే రోజునే ఆయనకు అది తెలిసిపోయింది.

శ్రీను_హామిల్టన్
అయినా పెట్టారు కదా సంతకం. తెలిసి పెట్టాక తర్వాత బాధపడి ఏం లాభం?

చరిత్ర_పిచ్చి
దేనికి పెట్టారో చూడాలి శ్రీను గారూ. ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమత్వం అప్పగిస్తున్నట్టు ఉంది. వాళ్ల చేతిలో పెట్టింది మావోరి ప్రతి. అందులో 'కావనతఙ' ఇస్తున్నట్టు ఉంది, అంటే పరిపాలన చూసుకోవడం. భూమి మీద, ఊరి మీద పెద్దరికం మాత్రం వాళ్లదే అని రాసుంది. ఇదేదో నా సొంత వాదన కాదు. ఈ ఉత్తరాది తెగల కేసు విని, 1840 ఫిబ్రవరిలో సంతకం పెట్టిన రంగతిరలు సార్వభౌమత్వం వదులుకోలేదని, ఈ ఒప్పందం మీద మావోరి ఫిర్యాదులు వినే వైతఙి ట్రిబ్యునల్ 2014లో తేల్చింది.

మనకూ తెలుసు కదా ఇది. చదవలేని భాషలో కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న వాళ్లు మా తాతల తరంలో ఊరికి పదిమంది ఉన్నారు.

శ్రీను_హామిల్టన్
భాష తేడా సంగతి నాకు తెలియదు. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

పద్మ_వెల్లింగ్టన్
ఇదే హార్బర్ బురద మీద ఇంకో కథ ఉంది, ఇది తప్పకుండా చెప్పాలి.

మావోరి నాయకురాలు ఫీనా కూపర్ పేరు వినే ఉంటారు. (డబ్ల్యూ హెచ్ ఉంటే 'ఫ', 'వినా' కాదు.) ఆమె 1895లో ఈ హార్బర్ ఉత్తరపు ఒడ్డున పుట్టారు. 1914లో అక్కడ ఒక రైతు బురద నేలని లీజుకి తీసుకుని ఎండబెట్టడానికి కాలువలు తవ్వించడం మొదలుపెట్టాడు. ఊరివాళ్లు ఆల్చిప్పలు ఏరుకునే చోటు అది, ఆరితే గుర్రప్పందేలు పెట్టుకునే చోటు. ఈమెకి అప్పుడు 18 ఏళ్లు. కొంతమందిని వెంటబెట్టుకుని వెళ్లింది. వాళ్లు తవ్వుతూ ఉంటే వీళ్లు వెనకే పూడుస్తూ పోయారు. కేసు పెట్టారు. చివరికి లీజే రద్దయింది.

అదే మనిషి 1975లో, 79 ఏళ్ల వయసులో, ఉత్తరపు కొస తె హాపువా నుంచి వెల్లింగ్టన్ పార్లమెంటు దాకా భూమి కోసం నడక నడిపించారు. సెప్టెంబర్ 14న బయల్దేరి అక్టోబర్ 13న చేరారు. మనవరాలి చెయ్యి పట్టుకుని మట్టి రోడ్డు మీద నడుస్తున్న ఆమె ఫోటో మా అమ్మాయి స్కూల్లో గోడ మీద ఉంది. నేను ఆ ఫోటో చూసే ఆమె ఊరు పఙురు వెళ్లాను. ఆమె 1994లో అక్కడే కన్నుమూశారు.

భూగోళం_మాస్టారు
చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను అమ్మా. బురద నేల అంటే ఖాళీ నేల అని నేనూ పిల్లలకి అలాగే చెప్పి ఉంటాను.

కాకినాడ_కుర్రాడు
డాల్ఫిన్ గురించి ఎవరూ చెప్పరేంటి? పక్క ఊరు ఒపోనొనిలో ఒక డాల్ఫిన్ పిల్లలతో బంతాట ఆడేదట కదా.

రేవుగట్టు_నర్సు
ఓపో. 1955-56 వేసవి. తనంతట తనే ఒడ్డుకి వచ్చేది, పిల్లల్ని వీపు మీద ఎక్కనిచ్చేది. ఊరు పట్టనంత జనం వచ్చేవారు. దాన్ని కాపాడ్డానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది, 1956 మార్చి 8 అర్ధరాత్రి నుంచి అమలు. మర్నాడు రాళ్ల సందులో ఇరుక్కుని చచ్చిపోయి కనబడింది. ఊరి హాలు పక్కనే పాతిపెట్టారు. నా పేషెంట్లలో ఒకాయన చిన్నప్పుడు దానితో ఈదాడు. ఆ మాట చెప్పేటప్పుడు అరచేయి ఇలా వంచి చూపించేవాడు, దాని వీపు తగిలినట్టు.

స్వాతి_ఆక్లాండ్
మా ఆయనకి ఇదంతా చదివి వినిపించా. బాడిస కథ దగ్గర ఫోన్ తనే తీసుకుని చదివారు. ఈస్టర్‌కి మళ్లీ వెళ్దాం అన్నారు!

ఒకటి అడగాలి. మా బాబు ఒమాపెరె ఒడ్డున వాటర్ బాటిల్ నిండా ఇసుక తెచ్చుకున్నాడు. షెల్ఫ్‌లో ఉంది. అలా తేవచ్చా?

రేవుగట్టు_నర్సు
మళ్లీ వెళ్తున్నారు కదా, తీసుకెళ్లి అక్కడే పోయించండి. వాడి చేతే. నీయువా, ఆరైతెఉరు కథ ముందు చెప్పండి, వాడికే అర్థమవుతుంది.

ఈసారి ఇలా చేయండి. ఒపోనొనిలో పొద్దున్నే కూపే పాదముద్రలు చెప్పే మానెయా కేంద్రం, 2020 చివర్లో తెరిచారు. అక్కడివాళ్లే చెబుతారు. తర్వాత రావెనె వెళ్లి మడల బాట, అక్కడి నుంచి కారుతో సహా ఫెర్రీ ఎక్కితే పావుగంటలో కొహుకొహు వైపు. నీళ్ల మధ్యలోంచి చూస్తే పాయలు రెండు వైపులా విడిపోవడం కనబడుతుంది. మాఙుఙు ఇల్లు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే కనుక్కోండి. మరాయె, అంటే మావోరి వాళ్లు కలిసే సభాస్థలం, కనబడితే అడగకుండా లోపలికి వెళ్లొద్దు, పిలిస్తే చెప్పులు బయట విడవాలి. అది మనకి కొత్త కాదు.

అక్షరమాల
ఎవరైనా పలకరిస్తే ముందు మీ కొండ పేరు, మీ నది పేరు చెప్పుకోవడం వాళ్ల పద్ధతి, ఆ తర్వాతే మనిషి పేరు. స్వాతి గారూ, మీది ఏ ఊరు?

స్వాతి_ఆక్లాండ్
అమరావతి దగ్గర అండీ. నది కృష్ణ. కొండ అంటే... మంగళగిరి అనొచ్చా?

అక్షరమాల
నిక్షేపంగా.

శ్రీను_హామిల్టన్
ఆ రావెనె ఫెర్రీకి ముందే బుక్ చేయాలా? మా పిల్లలు కూడా పడవ, పడవ అంటున్నారు.

రేవుగట్టు_నర్సు
అక్కర్లేదు, లైన్లో ఆగితే చాలు. చివరి ఫెర్రీ ఎన్నింటికో మాత్రం చూసుకోండి. తప్పితే చుట్టూ తిరిగి రావాలి, చాలా దూరం.

భూగోళం_మాస్టారు
నర్సమ్మ గారూ, ఆ ఉత్తరపు ఇసుక దిబ్బల మీదికి పడవలో తీసుకెళ్తారని విన్నాను. నాకు 72. మోకాళ్లు పరవాలేదు. ఎక్కగలనంటారా?

రేవుగట్టు_నర్సు
మెల్లగా ఎక్కండి మాస్టారూ. చెప్పులు కిందే వదిలేసి, నీళ్ల బాటిల్ పెట్టుకోండి. పైకి చేరాక సముద్రం వైపు కాదు, లోపలి వైపు తిరిగి చూడండి.